చీకటిలో పాడే పాట



ఈ వారం ఒక ఇంగ్లీషు ఆల్బమ్ గురించి రాస్తున్నాను. "అయ్యగారికి ఏమైంది, రాక్ పాటల మీద పడ్డారు" అని పెద్దలు కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మన సంఘంలో పెరిగి ఇప్పుడు నగరంలో పనిచేస్తున్న ఒక యవ్వనస్తుడు ఉన్నాడు. అతని తల్లి ప్రభువునందు నిద్రించి ఇంకా ఏడాది నిండలేదు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. ఒక రాత్రి అతను ఫోన్‌లో ఈ ఆల్బమ్ లింకు పంపి ఇలా అడిగాడు: "అయ్యగారూ, నిద్ర పట్టనప్పుడు ఇది పెట్టుకుంటున్నాను. మన పాటలు పెట్టుకుంటే అన్నీ విజయం గురించే ఉంటున్నాయి. నేను ఇంకా ఏమీ గెలవలేదు కదా. ఇది వినడం తప్పా?"

తప్పు, ఒప్పు అని ఒక్క మాటలో తేల్చి పంపడం తేలిక. కానీ ఒక బిడ్డ తన దుఃఖాన్ని ఎక్కడ దాచుకుంటున్నాడో చూపించినప్పుడు, ముందు ఆ చోటికి వెళ్లి చూడాలి. అందుకే ఆ ఆల్బమ్ మొత్తం విన్నాను. ఇంగ్లీషు మాటలు పట్టుకోవడానికి రెండు మూడుసార్లు వినాల్సి వచ్చింది.

ఆల్బమ్ పేరు 'సో టునైట్ దట్ ఐ మైట్ సీ'. పాడినది మేజీ స్టార్ అనే అమెరికా బృందం. కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెల్స్ ప్రాంతం వాళ్లది. 1993లో వచ్చింది. మొత్తం 10 పాటలు, 50 నిమిషాలకు కొంచెం పైగా ఉంటుంది. బృందంలో ముఖ్యులు ఇద్దరు. గిటారు వాయించి, బాణీలు కట్టిన డేవిడ్ రోబాక్ ఒకరు. మెక్సికో మూలాలున్న కుటుంబంలో పుట్టి, ఈస్ట్ లాస్ ఏంజెల్స్‌లో పెరిగిన గాయని హోప్ సాండోవాల్ మరొకరు. హోప్ అంటే నిరీక్షణ. పేరు విన్నప్పుడే నాకు ఆసక్తి కలిగింది.

అప్పటి కాలం ఎలాంటిదో తెలిస్తే ఈ పాటల విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. 1993లో అమెరికా యువత చెవుల్లో మోగుతున్నది నిర్వాణ, పెర్ల్ జామ్ లాంటి బృందాల సంగీతం. గొంతు చించుకుని పాడటం, గిటార్లు గర్జించడం. ఆ హోరు మధ్య వీళ్లు మెల్లగా, దాదాపు గుసగుసగా పాడారు. విడుదలైన వెంటనే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది, అంటే 1994లో, మొదటి పాట 'ఫేడ్ ఇంటూ యూ' నెమ్మదిగా రేడియోల్లోకి, టీవీల్లోకి పాకింది. అమెరికా పాటల పట్టికలో 44వ స్థానం దాకా వెళ్లింది. తర్వాత ఆల్బమ్ అమెరికాలోనే 10 లక్షల ప్రతుల మైలురాయి చేరింది. కేకలు వేసే చోట మెల్లగా మాట్లాడినవాళ్ల మాట కూడా వినేవాళ్లు వింటారని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఆ మొదటి పాటలో సంగీతపరంగా గొప్ప కష్టమైనది ఏమీ లేదు. గిటారు మీద మూడు నాలుగు కార్డులు. మన కీబోర్డు తమ్ముడు పది నిమిషాల్లో నేర్చుకుంటాడు. కింద పియానో, పక్కన టాంబరిన్ చప్పుడు, పైన తీగ మీద గాజుగొట్టం జార్చినట్టు సాగే స్లైడ్ గిటారు. ఆ గిటారు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎగరదు, జారుతుంది. ఏడ్చేవాళ్ల గొంతు జారినట్టే. గాయని మైకు దగ్గర నిలబడి మనకు పాడి వినిపిస్తున్నట్టు ఉండదు. పక్క గదిలో తనలో తాను పాడుకుంటుంటే మన చెవిన పడినట్టు ఉంటుంది.

ఆ దూరం ఎలా వచ్చిందంటే, రికార్డింగులో రివెర్బ్ అనే పద్ధతి ఉంది. మన కూటాల్లో "కొంచెం ఎకో పెట్టు తమ్ముడూ" అని సౌండ్ సెట్ అతన్ని అడుగుతాం కదా, దాని దగ్గరి బంధువే. పెద్ద గదిలో గోడలకు తగిలి తిరిగి వచ్చే శబ్దాన్ని యంత్రంతో తయారుచేయడం. పాతకాలపు రాతి దేవాలయాల్లో ఇది సహజంగానే ఉంటుంది. పాట అయిపోయాక కూడా స్వరం కొన్ని క్షణాలు గాలిలో నిలిచి ఉంటుంది. కాబట్టి ఈ ఆల్బమ్ వింటున్నప్పుడు ఖాళీగా ఉన్న ఒక పెద్ద మందిరంలో ఒక్కరే కూర్చున్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఈ తరహా సంగీతాన్ని సైకడెలిక్ అంటారు. ఈ మాట వినగానే కొందరు తల్లిదండ్రులకు భయం వేస్తుంది. ఆ భయానికి కారణం ఉంది. 1950లలో హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు, ఎల్‌ఎస్‌డి లాంటి పదార్థాల ప్రభావాన్ని చెప్పడానికి రెండు గ్రీకు మాటలు కలిపి దీన్ని తయారుచేశాడు. ఒకటి 'ప్సుఖే', అంటే ప్రాణం, మనసు. కొత్త నిబంధన గ్రీకు మూలంలో ప్రాణానికి వాడిన మాట ఇదే. రెండోది 'దేలోస్', అంటే తేటగా కనబడేది. లోపల ఉన్న ప్రాణాన్ని బయటికి కనబరచేది అని మొత్తం అర్థం. 1960లలో ఆ మత్తును ఆసరా చేసుకుని పాటలు కట్టినవాళ్లు ఎందరో. ఆ దారిలో పాడైపోయిన జీవితాలూ ఎన్నో. మత్తు గురించి వాక్యం చెప్పేదాన్ని ఎవరూ తేలిక చేయకూడదు. ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయంలో పౌలు మద్యంతో మత్తులు కావద్దన్న వెంటనే, పక్క వచనంలోనే, పాటల గురించి మాట్లాడాడు. మనిషికి లోపల నిండుకోవాలనే ఆశ ఉందని ఆయనకు తెలుసు. దేనితో నిండాలన్నదే ప్రశ్న.

డేవిడ్ రోబాక్ ఆ 1960ల సంగీతాన్ని ప్రేమించి, దానికి జానపద గిటారు జోడించాడు. ఇందులో 'ఫైవ్ స్ట్రింగ్ సెరనేడ్' అనే పాట వాళ్లు సొంతంగా రాసుకున్నది కాదు. 1960లలో లాస్ ఏంజెల్స్‌లోనే పేరు తెచ్చుకున్న లవ్ అనే బృందం నాయకుడు ఆర్థర్ లీ రాసినది. పెద్దవాళ్ల పాటను తీసుకుని తమ గొంతుతో మళ్లీ పాడారు. మనం తాతల కాలపు కీర్తనలను పుస్తకంలో పైన రాసిన రాగం, తాళం చూసుకుని ఈనాటికీ పాడుకోవడం లేదా? అలాంటిదే.

ఇక నన్ను ఆపేసిన పాటలు మూడు.

మొదటిది 'మేరీ ఆఫ్ సైలెన్స్'. నిశ్శబ్దపు మరియ అని అర్థం. పేరు చూసి ఇది భక్తిగీతం అనుకోకండి, కాదు. ఆర్గన్ ఒకే స్వరాన్ని పట్టుకుని వదలకుండా మోగుతుంటుంది. గిటారు దూరంగా ఉరుము ఉరిమినట్టు వస్తుంది. ఆమె గొంతు ఆ రెంటి మధ్యలో నడుస్తుంది. నాకు మాత్రం ఆ పేరు చూడగానే ఒక మరియ గుర్తొచ్చింది. ఆమె సంగతి కాసేపట్లో చెబుతాను.

రెండోది 'ఇంటూ డస్ట్'. మన్నులోకి అని అర్థం. ఒక గిటారు, ఒక చెల్లో, ఒక గొంతు. చెల్లో అంటే నిలబెట్టి, కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం. డ్రమ్స్ లేవు. ఆ యవ్వనస్తుడు ఎక్కువగా వినేది ఈ పాటే. సమాధి దగ్గర పిడికెడు మట్టి వేస్తూ మేము పలికే మాటలు ఆదికాండము 3వ అధ్యాయం నుంచి వచ్చినవి. తల్లి పెట్టె మీద ఆ మట్టి వేసిన చేయి అతనిది. అతనికి ఈ పాట ఎందుకు పట్టుకుందో నేను ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ బాణీలు కట్టిన రోబాక్ కూడా 2020 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. పాట మిగిలింది.

మూడోది ఆల్బమ్ చివరి పాట. ఆల్బమ్ పేరే దాని పేరు. సుమారు ఏడు నిమిషాలు. ఈ రాత్రి నేను చూడగలిగేలా, అన్నట్టు ఆ పేరు అర్థం. డోలు ఒకే వరసలో కొడుతుంటుంది, గిటారు సుడి తిరుగుతుంటుంది, ఆమె సగం పాడుతూ సగం మాట్లాడుతూ పోతుంది. ఉపవాస కూటంలో అర్ధరాత్రి దాటాక అలసిన గొంతుతో చేసే ప్రార్థనలా ఉంటుంది. కానీ ఒక్క తేడా. ఎవరిని అడుగుతున్నదో తెలియదు.

ఈ ఆల్బమ్ ఆకర్షణ అంతా ఇక్కడే ఉందని నాకు అనిపించింది. పది పాటల్లోనూ ఒక వెదుకులాట ఉంది. ఎవరో కావాలి, వాళ్లు దగ్గరలోనే ఉన్నట్టుంది, కానీ అందడం లేదు. మొదటి పాటలోనైతే ప్రేమించిన మనిషిలో కలిసి కరిగిపోవాలన్న కోరిక. అవతలి మనిషికి అది కనబడదు. ఈ వెదుకులాటకు ఆమె జవాబు చెప్పదు, తొందరపెట్టదు, సంతోషంగా ఉన్నట్టు నటించదు. చివర్లో అంతా బాగైపోయిందని కూడా చెప్పదు. దుఃఖంలో ఉన్నవాడికి ఆ నిజాయితీయే పెద్ద ఓదార్పు. "బాధపడకు" అని చెప్పకుండా పక్కన కూర్చున్న మనిషిలా ఉంటుంది. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే కదా. నోరు తెరిచాకే గొడవ మొదలైంది.

హోప్ సాండోవాల్ గురించి ఇంకో సంగతి. ఆమెకు వేదిక మీద చాలా సిగ్గు. లైట్లు బాగా తగ్గించి, దాదాపు చీకట్లో నిలబడి పాడుతుంది. ప్రేక్షకులతో పెద్దగా మాట్లాడదు, చప్పట్లు అడగదు. డబ్బు పెట్టి టికెట్టు కొనుక్కున్నవాళ్లు కొందరు దీనికి విసుక్కుంటారు కూడా. ఆమె ఆ తీరు మార్చుకోలేదు.

చీకట్లో నిలబడిన స్త్రీ అనగానే యోహాను సువార్త 20వ అధ్యాయం తెరవండి. ఆదివారం తెల్లవారకముందే, చీకటి ఉండగానే, మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వచ్చింది. రాయి తీసి ఉండటం చూసి పరుగెత్తి శిష్యులకు చెప్పింది. పేతురు, మరో శిష్యుడు పరుగెత్తుకొచ్చారు, లోపల చూశారు, ఇళ్లకు తిరిగి వెళ్లిపోయారు. మరియ వెళ్లలేదు. బయట నిలబడి ఏడుస్తూ ఉండిపోయింది. మనం ఈస్టరు ప్రసంగాల్లో ఆ రెండు సంగతుల మధ్య ఉన్న చిన్న ఖాళీని దాటేస్తాం. కానీ ఎంతో ముఖ్యమైనది జరిగింది ఆ ఖాళీలోనే. అర్థం కాకపోయినా, జవాబు లేకపోయినా, ఆమె అక్కడే నిలబడింది. లేచిన ప్రభువును మొదట చూసింది తొందరగా ఇంటికి వెళ్లినవాళ్లు కాదు, ఏడుస్తూ ఉండిపోయిన ఆమె.

ఇంకొకటి గమనించండి. ప్రభువు ఎదుట నిలబడినా ఆమె గుర్తుపట్టలేదు. తోటమాలి అనుకుంది. నేను చూడగలగాలి అన్నదే ఆమె అవసరం కూడా. ప్రభువు ఆమెను "ఇంత అవిశ్వాసమా" అని గద్దించలేదు. ఎందుకు ఏడుస్తున్నావని, ఎవరిని వెదుకుతున్నావని అడిగాడు. తర్వాత ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఆ ఒక్క పిలుపుతో ఆమె కళ్లు తెరుచుకున్నాయి.

ప్రియులారా, ఈ ఆల్బమ్ మనల్ని సమాధి బయట నిలబెట్టగలదు. ఏడ్చే మనిషికి తోడుండగలదు. అంతవరకు అది నమ్మదగిన తోడే. కానీ పేరు పెట్టి పిలవలేదు. ఎందుకంటే ఆ పాటల్లో వెదికేవాళ్లు ఉన్నారు గానీ, వెదుక్కుంటూ ఎదురొచ్చేవాడు లేడు. ప్రేమించిన మనిషిలో కరిగిపోతే చాలన్న కోరిక వినడానికి మధురంగా ఉంటుంది. కానీ కరిగిపోయినవాడిని ఎవరు పిలుస్తారు? ప్రభువు మరియను కరిగించలేదు. ఆమెను ఆమెగానే నిలబెట్టి, ఒక పని అప్పగించి, సహోదరుల దగ్గరికి పంపాడు. మన దేవుని ప్రేమలో మన పేరు పోదు.

ఆ యవ్వనస్తుడికి నేను రాసిన జవాబు ఇదే. "విను నాన్నా. కానీ పాట అయిపోయాక చెవుల్లోంచి అవి తీసేసి, ఆ చీకట్లోనే రెండు నిమిషాలు కూర్చో. ఆ పాట ఎవరిని అడుగుతున్నదో దానికి తెలియదు. నీకు తెలుసు. నీకు తెలిసినవాడితో, నీ సొంత మాటల్లో, అమ్మ గురించి చెప్పు. మాటలు రాకపోతే 88వ కీర్తన చదువు."

88వ కీర్తన ఎందుకంటే, 150 కీర్తనల్లో అది వేరు. మిగతా దుఃఖ కీర్తనలు దాదాపు అన్నీ చివరికి స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. దేవుణ్ణి పిలవడంతో మొదలై, చీకటి అనే మాట దగ్గర ఆగిపోతుంది. ఎజ్రాహీయుడైన హేమాను దాన్ని రాస్తే, దేవుని ప్రజలు "ఇందులో విజయం లేదు" అని తీసేయలేదు. ఆరాధన పుస్తకంలోనే ఉంచారు. అంటే జవాబు రాని రాత్రిని కూడా దేవుని ఎదుట పాడవచ్చని పరిశుద్ధాత్ముడే మనకు అనుమతి ఇచ్చాడు. హేమాను కీర్తనకీ ఈ ఆల్బమ్‌కీ తేడా చీకటిలో లేదు. హేమానుకు తాను ఎవరితో మాట్లాడుతున్నాడో తెలుసు, అదే తేడా.

ఇప్పుడు మన సంఘం గురించి ఒక మాట. ఆ బిడ్డ అన్నది నా మనసులో ముల్లులా ఉంది. "నేను ఇంకా ఏమీ గెలవలేదు కదా." మన ఆదివారపు ఆరాధనలో డ్రమ్స్, ప్యాడ్స్, కీబోర్డు, రెండు పెద్ద సౌండ్ బాక్సులు ఉన్నాయి. దేవునికి స్తోత్రం. ఆనందించేవాళ్లు గట్టిగా ఆనందించాలి. కానీ ఆ చప్పట్ల మధ్య చేతులు కలపలేక చివరి వరసలో కూర్చునేవాళ్లు ప్రతి వారం ఉంటారు. పంట పోయినవాళ్లు, గర్భం నిలవని చెల్లెళ్లు, కొడుకు ఫోన్ చేయడం మానేసిన తల్లులు, భార్యను సమాధి చేసి వచ్చి ఒక్కరే వంట చేసుకుంటున్న పెద్దాయనలు. వాళ్లకు మన దగ్గర చోటు లేకపోతే, ఇంకెక్కడో చోటు వెదుక్కుంటారు. ఒకరికి అది ఆల్బమ్ అవుతుంది. ఇంకొకరికి సీసా అవుతుంది. వాళ్లను తప్పుపట్టే ముందు మనం ఎంత చోటు ఇచ్చామో చూసుకోవాలి.

కీర్తనలు చదివేటప్పుడు మధ్యమధ్య "సెలా" అని వస్తుంది. 71 సార్లు ఉంది. సంగీతంలో ఆగి నిలిచే చోటుకు గుర్తు అని చాలామంది పండితుల అభిప్రాయం. మనం చదివేటప్పుడు దాన్ని గబగబా దాటేసి తర్వాతి వచనానికి వెళ్లిపోతాం. ఈ ఆదివారం నుంచి దాటవద్దు. వాక్యం అయ్యాక, ముగింపు ప్రార్థనకు ముందు, రెండు నిమిషాలు వాయిద్యాలన్నీ ఆపుదాం. ఎవరూ మైకు పట్టుకోవద్దు, నేను కూడా. పిల్లలు అల్లరి చేస్తే చేయనివ్వండి. ఫ్యాను చప్పుడు వినబడితే వినబడనివ్వండి. ఏడ్చేవాళ్లు ఏడవనివ్వండి, "ఏడవకమ్మా" అని ఎవరూ భుజం తట్టవద్దు. పక్కన కూర్చుంటే చాలు. ఆ రెండు నిమిషాలు చివరి వరసలో వాళ్లవి.

యవ్వనస్తులకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. దుఃఖం పాటలకు ఒక రుచి ఉంది. గాయం మానాక కూడా ఆ రుచి కోసం గాయాన్ని గీరుకునేవాళ్లు ఉంటారు. పాట విన్నాక ప్రార్థించాలనో, ఇంటికి ఫోన్ చేయాలనో, ఒంటరిగా ఉన్న స్నేహితుణ్ణి పలకరించాలనో అనిపిస్తే, ఆ పాట నీకు మేలు చేసింది. తలుపు వేసుకుని ఇంకా లోపలికి, ఇంకా లోపలికి పోవాలనిపిస్తే, భోజనం, పని, మనుషులు వద్దనిపిస్తే, పాట ఆపి నాకు ఫోన్ చెయ్యి. అమ్మగారికైనా చెయ్యి. అర్ధరాత్రి అయినా ఫరవాలేదు. అవసరమైతే వైద్యుని దగ్గరికి వెళ్లడం విశ్వాసం తక్కువై కాదు.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, మాలో పాడలేనివాళ్లను నీవు ఎరుగుదువు. చీకటి ఉండగానే నీ దగ్గరికి వచ్చి, ఏమీ కనబడక నిలబడిన బిడ్డలను తొందరపెట్టకుండా మాకు ఓర్పు దయచేయి. వాళ్లు ఎవరిని వెదుకుతున్నారో వాళ్లకు తెలియకపోయినా, నీవు వాళ్లను వెదుకుతున్నావు. మరియను పిలిచినట్టు ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలువుము. ఈ రాత్రి వాళ్ల కళ్లు తెరువుము. యేసుక్రీస్తు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ధ్యానం కోసం: కీర్తన 88, యోహాను 20:1-18.

దేవుడు మిమ్మును దీవించును గాక.